తడి ఆరేలోగా

జమ్మలమడుగు దాటినాక
చెట్టు కనపడడం మానేస్తుంది.
నల్లరేగడి, దాని మీద జానెడు శనగ,
దాని మీద ఇక ఆకాశమే.
పెద్దముడియం దారిలో నా పాత టీవీఎస్ బండి
గంటసేపటి నుంచీ ఒకే చోట ఉన్నట్టుంది.

ఇంత బయలులో
చర్చి కంటే ముందు గంటస్తంభం కనిపిస్తుంది:
రెండు రాతి కూసాలు, అడ్డంగా ఇనప కమ్మీ,
గంట ఉండాల్సిన చోట
వేలాడుతూ రైలుపట్టా ముక్క.

ఇది నేను తీస్తున్న పదకొండో చర్చి.
ఎందుకు తీస్తున్నావని ప్రొద్దుటూరులో ఎవరడిగినా
సరైన జవాబు తోచలేదు.
మూఢం కదా, పెళ్లిళ్లు లేవు, అన్నాను ఒకడితో.
అదీ నిజమే.

తాళంచెవి ఎవరి దగ్గరుందని కేకేస్తే
శనగచేలో కలుపు తీస్తున్న సువార్తమ్మ
కొంగు విదిలించుకుంటా వచ్చింది.
"తాళమెక్కడిది నాయనా, తలుపుంటే గదా."

లోపల చల్లగా, గబ్బిలాల వాసన.
ధాత కరువులో గంజి పోసిన చోటే కట్టినారంట,
గోడ పక్కన ఆనాటి రాతితొట్టి.
అందులో ఎవరో
పోయిన క్రిస్మసు రంగుకాగితాలు మడిచి దాచారు.
పైకప్పు సగం లేదు.
లేని సగంలోంచి ఎండ పడి
నేల మీద చాప పరిచినట్టుంది.
ఆ చాపను మూడుసార్లు తీశాను.
మూడూ బాగా రాలేదు.

సమాధులు వెనక.
కంపచెట్లు వంచుకుంటా పోవాలి.
దొరలవి రెండు, ఆరడుగుల నాపరాళ్లు.
మనవాళ్లవి మోకాలెత్తు పలకలు,
కొందరికి అవీ లేవు.
పొరలు లేచిపోయి, బూడిదరంగు తేలి,
కెమెరా ఎటు వంచినా
ఒక్క పేరూ చిక్కలేదు.
పొద్దు నెత్తి మీదికొచ్చింది.
ఈ వెలుతురులో చెక్కిన గీతకు నీడ పడదు,
నీడ లేకుంటే అక్షరం లేదు.

"అట్ల కాదు" అనింది సువార్తమ్మ.
గట్టు మీదికి పోయి
తాగేదానికి తెచ్చుకున్న నీళ్లు,
మూత పోయిన రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా, పట్టుకొచ్చింది.
రాతి నెత్తిన కొంచెం కొంచెం పోసింది,
చంటిదానికి పోసినట్టు
కండ్లల్లో పడకుండా చెయ్యి అడ్డం పెట్టి.

రాయి నల్లబడింది.
లోపల్నుంచి ఒక్కొక్కటే పైకొచ్చాయి.
మొదట పెద్ద 'యె',
ఆగి 'హె',
తర్వాత 'జ్కేలు'.
ఉపదేశి. కలరా. ప్రభువునందు నిద్రించెను.
'ద్రిం'కి చోటు చాలక
చెక్కినోడు దాన్ని పైవరసలోకి ఎక్కించాడు.

"తియ్యి తియ్యి. ఆరిపోతుంది."

తీశాను.
రెండోసారి కన్ను ఆనించేలోపే
అంచుల నుంచి తెల్లబడుతూ
యెహెజ్కేలు మళ్లీ లోపలికి పోయాడు.

అట్ల తొమ్మిది రాళ్లు.
ఒకటి దొరసాని బిడ్డది, ఇంగ్లీషులో.
ఏమని ఉందో చదవమంది.
నాలుగు నెలలు, అన్నాను.
"నాలుగేనా" అని
దాని మీద మాత్రం ఇంకో గుక్కెడు పోసింది.

సీసాలో రెండు వేళ్ల నీళ్లు మిగిలాయి.
తాగుతుందనుకున్నా.
గోడ మూలకు నడిచింది.
అక్కడ పలక లేదు,
పల్లేరు మొలిచిన మట్టిదిబ్బ.
"మా ఆయన, సుందరప్ప.
ఎర్రగుంట్ల పక్క క్వారీలో నాపరాయి కోసేటోడు.
లారీలకు లారీలు ఎత్తినాడు
ఎవురెవురి ఇండ్లకో."

పోసింది.
మట్టి నల్లబడింది.
ఏమీ పైకి రాలేదు, తడిసిన రేగడి వాసన తప్ప.

"తియ్యి" అనింది, "ఆరిపోతుంది."

మోకాళ్ల మీద కూర్చుని తీశాను.
ఆరిందాకా తీస్తూనే ఉన్నాను.

ఖాళీ సీసా చంకన పెట్టుకుని
ఆమె చేలోకి దిగిపోయింది.
సాయంత్రం దాకా ఇంకా ఆరు సాళ్లున్నాయంట.

బండి డిక్కీలో
నేను తెచ్చుకున్న నిండు సీసా ఉందని
జమ్మలమడుగు వంతెన మీద
దాహమేసినప్పుడు గుర్తొచ్చింది.