ఇంటి కింద కరెంటు

తొమ్మిదయ్యేసరికి మా ఊళ్లో
డీజిలు అయిపోతుంది.
ఢగఢగ, ఢగ... ఢగ... అంటూ
జనరేటరు దగ్గి దగ్గి పడుకుంటుంది.
బల్బు ఎర్రబడుతుంది, నల్లబడుతుంది,
అమెజాన్ అంచున మా పదిళ్ల ఊరు
వల ఉయ్యాలల్లోకి ఎక్కేస్తుంది.

మాది కర్ర కాళ్ల మీద నిలబడ్డ ఇల్లు.
వానాకాలం నది వచ్చి
మా నేల కిందే కాపురం పెడుతుంది.
పలకల సందులోంచి చూస్తే నల్లటి నీళ్లు.
ఆ నీళ్లలో, సరిగ్గా వంటగది కింద,
ఎవరో గుటక వేసిన చప్పుడు:
"గుళుక్."

"ఎవరవ్వా?"
"పొరాకే," అంది ఒజమీరా అవ్వ,
చీకట్లోనే కర్రపెండలం పిండి జల్లిస్తూ.
"చేపే గానీ మొప్పలు చాలవు దానికి.
పది నిమిషాలకోసారి పైకొచ్చి
నోటినిండా గాలి మింగి పోతుంది.
నా మాట నమ్మకు. లెక్కపెట్టు."

లెక్కపెట్టాను. అరవై, మళ్లీ అరవై.
ఐదో అరవైలో నిద్రొస్తే
చిటికెన వేలు కొరుక్కున్నాను.
పదో అరవై ఇంకా పూర్తి కాలేదు,
"గుళుక్!"

పాములా ఉంటుంది, పాము కాదు.
పాముచేప అంటారు, అదీ కాదు.
దాని చుట్టరికమంతా జెల్లలతో.
మా అన్న వాల్దెసీర్ కంటే పొడుగు!
అంత పొడుగు ఒంట్లో పొట్టా పేగులూ
తల పక్కనే కుక్కేసుకుంది.
నవ్వకండి,
దొడ్డికెళ్లే దారి కూడా గొంతు కిందే.
మిగతా ఒళ్లంతా కరెంటు సామాను.

టార్చిలైటులో సెల్లులు వేస్తాం కదా,
ఒకదాని వెనక ఒకటి?
పొరాకే లోపల అలాంటివి వేలు.
ఒక్కోటి మరీ బీదది, చీమనైనా అదిలించలేదు.
అన్నీ కలిసి ఒక్కసారి "ఊఁ" అంటే
మొసలికి కూడా దవడ బిగుసుకుపోతుంది.

చూపు ఆనదు దానికి.
ఆ బురదలో ఆనినా దండగే.
అందుకే సన్నగా, సన్నగా కరెంటు వదులుతూ
అది ఎక్కడ వంకరపోయిందో కనిపెడుతుంది.
ఆకుల కింద చేప నక్కి ఉందా?
టకటకమని రెండు చిన్న షాకులు.
కదలకూడదనుకున్నా చేప ఒళ్లు ఉలిక్కిపడుతుంది.
"ఓహో, అక్కడున్నావా!"
ఇక దడదడదడ.
చేప కట్టెలా బిగుసుకుంటుంది,
నమలడం లేదు, కొరకడం లేదు, ఒకటే మింగుడు.
చేప పెద్దదైతే తోక చుట్టి తెచ్చి
తలకీ తోకకీ నడుమ ఇరికిస్తుంది,
దెబ్బకు దెబ్బ రెట్టింపు.

"అవ్వా, వైరు కట్టి బల్బు వెలిగిద్దామా?"
అవ్వ నవ్వింది, జల్లెడ వణికింది.
"రెప్పపాటైనా నిలవని కరెంటే అది!
ఆకలికి కొంత, భయానికి కొంత.
మనకిచ్చేందుకు మిగలదు."

ఎండాకాలం నది వెనక్కి వెళ్లింది.
గడ్డి పక్కన ఒక గుంట మిగిలింది,
గుంటలో ఒక పొరాకే మిగిలింది.
మా అన్న ఊరుకుంటాడా?
మోకాల్లోతు నీళ్లలోకి దిగి తెడ్డుతో పొడిచాడు.
ఒక్క ఎగురు!
నీళ్లలోంచి నిటారుగా లేచి
వాడి తడి తొడకు గడ్డం ఆనించింది.
వాడు అరవలేదు. బురదలో కూలబడ్డాడు.
"వెయ్యి తేనెటీగలు, ఒక్కచోటే కుట్టాయి," అన్నాడు
చాలాసేపటికి.

అవ్వ కాలు రుద్దింది, తిట్టింది,
తర్వాత గడ్డి మొదట్లో వేలు చూపించింది.
తెల్లటి నురగ.
"ఉమ్మితో కట్టిన గూడు అది.
లోపల దాని పిల్లలు.
నువ్వు పొడిచింది వాళ్ల నాన్నని."
అన్న తెడ్డు కింద పెట్టేశాడు.

మళ్లీ వానలు. మళ్లీ నది మా నేల కిందికి.
తొమ్మిదయింది. జనరేటరు దగ్గి పడుకుంది.
చీకట్లో పక్క ఉయ్యాల్లోంచి అన్న,
"ఎంతయింది?"
"తొమ్మిదో అరవై."
ఇద్దరం ఊపిరి బిగబట్టాం,
కింద ఒకరు ఊపిరి తీసుకునేదాకా.