కుడికాలు ముందు

ఆ ఏడు మా లురిగాంచో కొండ మీద
తెల్లజెండా అంటే లొంగిపోవడం కాదు,
పొయ్యిలో పిల్లి లేవలేదని కబురు.
మొదట మూడు చూశాను.
వారం తిరక్కుండానే మెట్ల పొడవునా
దుప్పటి ముక్కలు, లంగా అంచులు,
ఒకరింటి మీద పసివాడి చొక్కా.

సెనోబియా పెద్ద గుండిగ బయటికి దొర్లించింది,
పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చేది.
పెళ్ళిళ్ళెక్కడివి?
నేను బజారుకి పోయి కోడికాళ్ళు అడుక్కొచ్చాను.
రెండోరోజు సిగ్గేసింది. మూడోరోజుకి
గోళ్ళు తీసిమ్మని గదమాయించాను.

పద్దు నాది.
నూట ముప్ఫై ఎనిమిది కంచాలు, ఇంటింటి పేరుతో.
ఒక పేరు కొట్టేయాల్సొచ్చిన రోజు
పెన్ను రాయట్లేదని అబద్ధమాడాను.
ఆ గరిటెడు పులుసు
పక్కింటి వాళ్ళ గిన్నెలో పోశాను, లెక్క చెప్పకుండా.

వండడం ఒక ఎత్తు, పిలవడం ఒక ఎత్తు.
మంచు దిగితే పై వరస ఇళ్ళకి మేం కనబడం.
మూత మీద గరిటెతో కొట్టాను.
నీళ్ళ లారీ అనుకుని బకెట్లతో పరిగెత్తుకొచ్చారు.
ఆ రోజు తిట్లు కూడా వడ్డించుకున్నాం.

ఫౌస్తినో మా కింది వరస.
పందొమ్మిదేళ్ళు బస్సు తలుపుకి వేలాడి
ఊరంతటినీ పేరుపేరునా అరిచినవాడు.
బస్సులాగిపోయాయి. సరే, అందరివీ ఆగాయి.
తమ్ముడు ఎఫ్రాయిన్‌కి ఊపిరందకపోతే
సిలిండరు భుజాన వేసుకుని కయావో పోయాడు,
రెండు రాత్రులు వరసలో నిలబడ్డాడు.
సిలిండరు నిండుగా వచ్చింది.
మంచం ఖాళీగా ఉంది.
ఆ తర్వాత అతని గొంతు ఎవరూ వినలేదు.

నాకు ఓదార్చడం రాదు.
గుమ్మంలో నిలబడి అన్నాను:
"గొంతు కావాలి, అద్దెకి.
రోజుకో కంచం, రెండు కోడికాళ్ళు ఎక్కువ."
గోడవైపు తిరిగి పడుకున్న వీపు
జవాబు చెప్పలేదు.

మర్నాడు సెనోబియా మనవరాలు యదీరా,
ఏడేళ్ళది, ఎవరూ పంపకుండానే
ఆ గుమ్మం ముందు చేరి బస్సాట మొదలెట్టింది.
"ఆచో! అబాంకే! ప్వెంతె న్వేవో!
ఆచో! అబాంకే! ప్వెంతె న్వేవో!"
పొద్దున్నించీ అదే, తప్పుల తడక.
మధ్యాహ్నానికి లోపల్నించి
తుప్పు పట్టిన తలుపులాంటి గొంతు:
"ముందు ప్వెంతె న్వేవో.
తర్వాత ఆచో.
ఆ తర్వాతే అబాంకే. జనాన్ని ఎక్కడ దింపుతావే?"

చావు పలికించలేనిది, జాలి పలికించలేనిది
తప్పు వరస పలికించింది.
పనిలో మనిషికి అంత పట్టింపు ఉంటుంది మరి.

పాత సీటు గుడ్డతో కుట్టిన మాస్కు కట్టుకుని
మెట్ల మలుపులో నిలబడ్డాడు.
ఒక్కసారి దగ్గాడు, మేమంతా బిగుసుకుపోయాం.
దగ్గు కాదు, గొంతు సవరించుకోవడం.
"ఎక్కండెక్కండెక్కండి!
సీట్లున్నాయ్, సీట్లున్నాయ్!
బంగాళాదుంప, క్యారెట్టు, కోడికాళ్ళు, ఆఖరి స్టాపు గుండిగ!"
మంచులోంచి ముందు నవ్వు వచ్చింది,
వెనకాల మనుషులొచ్చారు,
గిన్నెలు, టీ కెటిల్, ఒకాయన పూలకుండీ కడిగి తెచ్చాడు.

తడిసిన మెట్ల మీద ముసలమ్మలు దిగుతుంటే
పాత అలవాటు కొద్దీ అరిచాడు:
"కుడికాలు, అమ్మా, కుడికాలు ముందు!"
కదులుతున్న బస్సు దిగేవాళ్ళకి చెప్పే మాట.
అలా దిగితే పడరు. అంతే దాని అర్థం.
అంతకన్నా ఎక్కువ అర్థం
నేను దాన్నుంచి తీసుకున్నానేమో, నాకే తెలీదు.

ఆ రాత్రి పద్దులో ఆశ అని రాయలేదు.
రాసింది ఇది: నూట యాభై రెండు కంచాలు.
ఉప్పు అప్పు.
ఫౌస్తినోకి రెండు కంచాలు. రెండోది ఎవరికని అడగలేదు.

ఇప్పటికీ కొన్ని పొద్దులు అతను రాడు.
పులుసు ఉడుకుతుంది, మంచు కమ్ముతుంది,
గరిటె చేతిలో ఉన్నా మూత కొట్టను.
యదీరా నావైపు చూస్తుంది.
ఊఁ, అంటాను.
అది పరిగెత్తి ఆ గుమ్మం ముందు నిలబడి
గుండెల నిండా గాలి పీల్చి
స్టాపులు తప్పుగా చదువుతుంది.