నలభై నాలుగు డిగ్రీల దగ్గర

రేణిగుంట దాటాక బస్సు కిటికీ రేకు చెయ్యి కాల్చింది.
తిరుపతిలో ఈరోజు నలభై నాలుగట.

ల్యాబులో మాత్రం చలి, చీకటి.
పట్టకం వీపున యాభై నానోమీటర్ల బంగారం.
ముక్కుపుడకను గోటితో గీరితే రాలేంత కూడా కాదు.
దీపానికి ఎదురుగా పట్టుకుంటే
అందులోంచి పచ్చగా కనబడుతుంది అవతలి గోడ.

పూత మునిరత్నం చేతిది.
వాళ్ళ నాయన కాళాస్త్రిలో కంసాలి,
కుంపటి బూడిద కడిగి రవ్వలేరుకున్న మనిషి.
"ఇంత పల్చన ఆయప్ప గూడా కొట్టలేదు పాపా,
కొట్టినా ఊపిరికి ఎగిరిపోయుండు."

లేజరు వెలిగించాను.
నలభై రెండు: ఎర్రచుక్క గోడ మీద నిలబడే ఉంది.
నలభై మూడు: కొంచెం నీరసించింది.
నలభై నాలుగుకి మర ఒక్క వెంట్రుకవాసి ఇవతల
లేదు.
చుక్క ఉండాల్సిన చోట ఉత్త సున్నం.

"యాడికి పాయె?"

వెనక్కి రాలేదు. ముందుకూ దూకలేదు.
బంగారం అయిపోయి గాలి మొదలయ్యే గీత మీద
బోర్లా పడుకుని పాకుతోంది,
సగం వెలుగు, సగం లోహంలో ఎలక్ట్రాన్ల ఊగిసలాట.
ఎండాకాలం మా స్వర్ణముఖి ఇట్లాగే,
పేరు నిండా బంగారం, కంటికి ఒట్టి ఇసక.
నది లేదని ఎవరూ అనరు గదా, చెలమ తీస్తారు.

మేమూ తీశాం.
రెండో రేకు మీద ఆరువందల నానోమీటర్లకో గాటు,
అయాన్ల సూదితో, వరసగా, దగ్గర్లోనే.
దూరమైతే లాభం లేదు:
ఈ అల పది మైక్రాన్లు నడిస్తే అలిసిపోతుంది,
తలవెంట్రుక మందం దాటే ఓపిక లేదు దానికి.

మళ్ళీ అదే కోణం.
సూక్ష్మదర్శినిలో ఖాళీ. ఖాళీ.
తర్వాత గాట్ల దగ్గర
సన్నగా, నిటారుగా, ఎర్రగా
ఊరింది.

నేను కుర్చీలోంచి లేచానో లేదో గుర్తులేదు.
మునిరత్నం మాత్రం కళ్ళద్దాలు తుడుచుకుని
మీటరు మీదికి వంగి
లోపలికి పోయినదాన్నీ బయటికొచ్చినదాన్నీ
తూకం వేసినట్టు రెండుసార్లు చదివాడు.

"శానా తక్కువొచ్చింది. మిగతాది?"

వేడయిపోయిందన్నాను. బంగారంలోనే.

అతను రేకు అంచును వేలితో తాకబోయి ఆగాడు.
వాళ్ళింట్లో ఈ మాట మీదే
ఎన్ని బేరాలు చెడ్డాయో, ఎందరు తిట్టిపోయారో.
లాగు పుస్తకం ముందుకు లాక్కుని, పెన్ను మూత తీసి అడిగాడు:

"తరుగు ఎంతని రాయమంటావు పాపా?"