గీతకు పైన

పేపర్లు దిద్దడానికి కర్నూలు పోయిన ఏప్రిల్‌లో
లాడ్జీలన్నీ మావాళ్లతోనే నిండిపోయినాయి.
"పాతబస్తీలో ఒక ఇల్లుంది మేడం,
పడకా, పొద్దున టిఫినూ.
పాత కాలపుది. మీది చరిత్రే కదా!"
అన్నాడు అటెండరు.

సందులో ఆటో పట్టలేదు.
తల వంచితే గానీ రానివ్వని తలుపు.
టేకు స్తంభాలకు నడుమెత్తున
ఎన్ని చేతులు రాసుకుపోయినాయో, ఆ నునుపు.
ఖమరున్నీసా గారు నా ఆధార్ అడగలేదు.
"రాత్రి ఫ్యాను గురక పెడ్తాది, ఏమనుకోవద్దు"
అని మాత్రం చెప్పింది.

గదిలో గోడల చుట్టూ ఒక గీత.
దాని కింద డికాక్షన్ రంగు, పైన సున్నపు తెలుపు.
నా తలకు మూరెడు ఎత్తున.
ఏ నవాబుల నాటి సొగసో అనుకుని
ఫోటో తీసుకున్నాను.

సాయంత్రం తిరిగొచ్చేసరికి
మంచం కింద పెట్టిన నా పెట్టె లేదు.
గుండె గతుక్కుమంది.
చూస్తే అటక మీద ఉంది.
కుర్చీ ఎక్కి, కుచ్చిళ్లు తొక్కుకుని, దించుకున్నాను.
మర్నాడు మళ్లీ అటక మీదే.
మూడోనాడు చెప్పులు కూడా.

నాలుగోనాడు అడిగేసినాను, కొంచెం గట్టిగానే.
ఆమె ఉగ్గాని మీద పుట్నాల పొడి చల్లి,
మిరపకాయ బజ్జీ ఒకటి నా పళ్లెంలో వేసి,
గరిటెతో గోడ చూపించింది.

"ఆడిదాకా నిలబడినాయమ్మా నీళ్లు.
తుంగభద్ర, హంద్రి
రెండూ ఒకేసారి చుట్టాల మాదిరి దిగినాయి.
మూడు దినాలు మిద్దె మీదనే ఉన్న్యాం.
కింద పెట్టిందేదీ మిగల్లేదు.
కింద ఏదన్నా కనపడితే
నా చెయ్యి ఊరుకోదు."
ఆగి, "ఇంగో బజ్జీ?" అంది.

పగలంతా ముప్పై పేపర్లు.
తేదీ తప్పితే అర మార్కు కోత.
ఒక పిల్లాడు జవాబు తెలియక
ప్రశ్ననే మూడుసార్లు
ముత్యాల్లాంటి అక్షరాలతో రాసినాడు.
వాడికేం వెయ్యాలో ఏ పట్టికలోనూ లేదు.

రాత్రి మంచమ్మీద వెల్లకిలా పడుకుంటే
గీత నాకు నిలువెత్తు పైన.
నీటి అడుగున పడుకుని
ఫ్యాను గురక విన్నాను.
ఆ ఏడు అదీ మునిగిందేనేమో,
మింగిన నీళ్లు ఇంకా గొంతులోనే ఉన్నాయేమో.

పదో రోజు లెక్క చూసింది.
ఒక పూట ఉగ్గాని అడుగంటిందని
నలభై రూపాయలు తగ్గించింది.
వద్దంటే వినలేదు.
"రిజిస్టర్లో పేరు రాయాలా?" అన్నాను.
అలమర పైఅరలోంచి ఒక అట్ట తీసింది.
పుటలన్నీ అంటుకుపోయి
ఒకే అప్పడమైన పుస్తకం.
తెరవలేదు. తెరిస్తే విరుగుతుందట.

స్టూలు లాగి, పెన్సిలిచ్చి, పైకి చూపింది.

గీతకు పైన, సున్నం మీద
పేర్లు, ఫోన్ నంబర్లు.
కంటి ఆపరేషన్‌కొచ్చిన ప్రొద్దుటూరాయన,
ఆదోని పత్తి బేరగాడు,
పెండ్లిచూపులకొచ్చిన ఎవరో,
పక్కనే వేరే చేతిరాతతో "కుదిరింది" అని.

కాస్త ఖాళీ వెతుక్కుని నేనూ రాసినాను.
స్టూలు ఊగింది.
కింద ఆమె
నా మడమలు రెండూ గట్టిగా పట్టుకుంది.