ఏడు తులాల సినిమా

చార్‌కమాన్‌లో కంసాలి దుకాణం మాది.
పెద్దాయన కిష్టోజి కొలిమి ఊదుతుంటే
చిన్నాయన నాగోజి మొహానికి సఫేదా పూసుకుని
పుత్లీబౌలిలో ఒక డాబా మీద
దుప్పట్లు కట్టిన రాజమహల్లో
రాజకుమారుడయ్యాడు.
నెలకు పద్దెనిమిది హాలీ రూపాయలు.
కత్తి చెక్కది. కన్నీళ్లు మాత్రం నిజం,
మిట్టమధ్యాహ్నం ఎండవి.

బొమ్మ ఆడిన రాత్రి
అట్ట మీద మూడు లిపుల్లో మాటలొస్తే
చదువొచ్చినవాడు లేచి, రానివాళ్లకు అరిచి చెప్పాడు:
"ప్రాణేశ్వరీ! నీ ఎడబాటు నన్ను దహించుచున్నది!"
గుడారమంతా ముక్కు చీదుతోంది.
ఆడవాళ్ల పరదా వెనక
మా అవ్వ మాణిక్కవ్వ, నాగోజి చెల్లెలు,
పుట్టు చెవిటిది, పెదవులు చదివే మనిషి,
ఒక్కతే పకపకా నవ్వింది.
మీసం గొరిగించుకున్న ఆ ప్రాణేశ్వరితో
అన్న అంటున్నది:
"జర జరుగురా, కాళ్లు కాల్తున్నయ్."

తర్వాత సినిమాకు మాటలొచ్చాయి.
మైకు ముందు నాగోజి గొంతు
పలక మీద బలపం గీరినట్టు వచ్చింది.
బొంబాయి కంపెనీవాళ్లు చాయ్ తాగించి పంపేశారు.
నాంపల్లిలో దిగేదాకా ఎవరితోనూ పలకలేదట.
దిగి అన్నాడట:
"ఇగ నేనే తీస్తా. మాటల్లేకుండనే తీస్తా."

అప్పిచ్చిన అత్తరు సేఠ్ ఏమన్నాడో
ఇక్కడ రాయలేను.

వరద తీసిన మూసీ ఒడ్డున
తన గుమ్మం ఎక్కడుండేదో వెతుక్కునే
చాకలి మనిషి కథ.
వేషానికి ఎవరూ రాకపోతే అవ్వను నిలబెట్టాడు.
అందరి మీదా రేకు బాకాతో అరిచేవాడు,
ఆ గొంతు రీలు మీద పడదన్న ధీమాతో.
అవ్వకు బాకా ఎందుకు?
కెమెరా పక్కన నిలబడి
పెదవులు కదిపేవాడు, అంతే.

మూడు రాత్రులాడింది.
"మాటేదిరా?" అని పల్లీ పొట్టు విసిరారు.

అప్పు తీరాక మిగిలిన రీళ్లు
కొలిమి దగ్గరికే చేరాయి.
సౌడు నీళ్లలో నానబెట్టి, పొర గీకి, కాల్చి
కిష్టోజి తీసిన వెండి
ఏడు తులాలు.
ఒట్టి ఫిల్ము లాడ్‌బజార్ గాజులవాళ్లు తూకానికి కొన్నారు.
నాగోజి ఆ పూట దుకాణంలోనే ఉన్నాడు,
తిత్తి ఊదింది ఆయనే.

ఆ వెండితో చేయించిన పట్టీలు
అవ్వ కాళ్లకు చివరిదాకా ఉన్నాయి.
మోగుతాయని ఆమెకు ఎవరో చెప్తే తెలిసింది.

చిన్నప్పుడు ఆమె గదవ పట్టుకుని
మొహం నా వైపు తిప్పుకుని అడిగేవాణ్ణి:
ఆఖరి సీన్లో నిన్ను చూసి ఏమన్నాడే?
నవ్వి, పెదవులు కదిపేది,
నెమ్మదిగా, రెండుసార్లు.

నాకు చదవడం రాదు.