ఆటలో అరటిపండు

డండీలో, మూతపడ్డ జనపనార మిల్లు రెండో అంతస్తులో
మంగళవారం రాత్రి ఏడింటికి
మాకు వీడియో గేములు చేయడం నేర్పుతారు.
కిటికీ అవతల టే నది మీద వాన.
ఇవతల పన్నెండు తెరలు, ఒక హీటరు,
డిపో నుంచి యూనిఫాం విప్పకుండా వచ్చి కూర్చున్న నేను.

పదిహేడేళ్ళుగా ఆడుతున్నాను.
బొటనవేళ్ళు కాయలు కాశాయి.
కొండ అంచు ఆఖరి అంగుళం దాకా పరిగెత్తి
గాల్లోకి లేవడంలో నన్ను మించినవాడు లేడని
ఇరవై రెండో నంబరు బస్సు తోలుతూ కూడా
లోలోపల మీసం దువ్వుకున్నవాణ్ణి.

మొదటివారం ఐల్సా ఆ లోకాన్ని తిరగేసి చూపించింది.
నా వీపు వెనక అడవి లేదు.
చూపు పడ్డంత మేరే చెట్లు లేస్తాయట,
తల తిప్పుకోగానే ఉండవట.
మర్నాడు బస్సు అద్దంలో ఒకటికి రెండుసార్లు
వెనక వీధి ఉందో లేదో చూసుకున్నాను.

తర్వాత గోడలు.
ఎన్ని రాత్రులు తలబాదుకున్నానో ఆ కనపడని గోడకి!
అది ఎవరో శుక్రవారం సాయంత్రం
ఇంటికెళ్ళే తొందరలో గీసిన పెట్టె.
తలుపుకి మాత్రం మూడు వారాలు పట్టింది.
ఎటు తెరుచుకోవాలి, సందులో మనిషుంటే ఏమవ్వాలి,
మూసేది ఎవరు.

ఆరోవారం అంచు.
ఐల్సా ఆటని నత్తనడకకి దించింది:
చూడు, నీవాడి కాలు రాయి దాటింది.
కింద ఏమీ లేదు.
నువ్వు మీట నొక్కింది ఇదిగో, ఇప్పుడు.
ఆలస్యంగా.
అయినా ఎగిరాడు.

ఆరు ఫ్రేములు, అంది, సెకనులో పదోవంతు.
పడినవాణ్ణి ఇంకా పడనట్టే లెక్కేస్తాం.
శత్రువు మొదటి తూటా కావాలనే గురి తప్పుతుంది.
ప్రాణం గీతలో చివరి ముక్క
మిగతావాటికంటే నిదానంగా కరుగుతుంది.
ఎవరికీ చెప్పం.

తొక్కుడుబిళ్ళ గుర్తొచ్చింది నాకు.
గీత తొక్కినా ఔటవని మా చిట్టి చెల్లెలు,
"దాన్నొదిలేయండ్రా, అది ఆటలో అరటిపండు."
అదొక్కతే ఎరగదు ఆ సంగతి.
గెలిచానని వీధంతా గంతులేసేది.

పదిహేడేళ్ళు.
చెవులు వేడెక్కాయి.
ఆ రాత్రి కంట్రోలరుని సాక్సుల సొరుగులో పడేశాను.

నా వంతు వచ్చింది.
ఒక చదరపు మనిషి, రెండు రాళ్ళు, నడుమ అగాధం.
పంతం పట్టి సున్నా పెట్టాను.
జారితే జారినట్టే. తొండి లేదు, దయా లేదు.

ఆడి చూడ్డానికి ఇసోబెల్ కూర్చుంది.
డెబ్బై రెండేళ్ళావిడ, మా క్లాసులో అందరికంటే పెద్ద.
పదకొండుసార్లు పడింది.
పన్నెండోసారి పడ్డాక చెయ్యి ఎత్తి చూపించింది,
ఎడమ చూపుడువేలు సగమే ఉంది.

పదహారో ఏట ఈ అంతస్తులోనే పనిచేశాను, అంది.
అప్పుడు మేం ఫ్రేమంటే నూలు వడికే మిషను.
అదిగో, ఆ స్తంభం పక్కన ఉండేది నాది.
దానికి ఆగడం తెలీదు.
నిష్ఠూరమేమీ లేదు గొంతులో.
ఏదీ, ఇంకోసారి పెట్టు, అంది.

ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకునేలోపు
సున్నా చెరిపేశాను.
ఆరు పెట్టాను. ఆ వేలు చూసి తొమ్మిది చేశాను.

ఇసోబెల్ ఈసారి
అంచుకి చాలా ముందే ఎగిరింది.
అవతలి రాయి మీద నిక్కచ్చిగా దిగింది.
తొమ్మిదిలో ఒక్కటీ వాడుకోలేదు.

ఎన్ని పెట్టావు? అనడిగింది
తెర మీంచి చూపు తిప్పకుండానే.

ఏం పెట్టలేదన్నాను.

అలాగా, అని
గొడుగు అందుకుంది.