తోడు వేసే వేళ

మొదటి కాపు వెనిగర్ అయింది.
ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు,
ఆ చలికాలమంతా చేపలు ఊరేసుకున్నాను దాంతో.

తప్పు గొట్టానిది. కడిగాననే అనుకున్నాను.
కడగడమంటే ఏమిటో
బీరు కాచేవాడికి తెలిసినంత
డాక్టరుకి కూడా తెలియదని
పక్కింటి బ్రిన్యుల్ అన్నాడు, చేపముక్క నములుతూ.
"పోనీలే, చేప బాగుంది."

అక్టోబరులో, రెండో ప్రయత్నానికి,
జాము సీసాలో ఇంత ఎండు పొట్టు తెచ్చిచ్చాడు.
చూస్తే తవుడు. మూత తీస్తే నారింజ తొక్క.
వాళ్ల నాయనమ్మ నాటి ఈస్టు.
పొంగి, గుడ్డ మీద ఆరి,
పొయ్యి పైనున్న అటకలో నిద్రపోయి,
పిలిస్తే మళ్లీ లేచి పనికెళ్లేది.
"వయసులో నాకంటే పెద్దది,
అయినా నాకంటే ముందు లేస్తుంది" అన్నాడు.

ఒకటే షరతు. తోడు వేసేటప్పుడు అరవాలి.
ఏమని?
ఏమనీ కాదు. అరవాలి, అంతే.
కొండ అవతలికి వినబడాలి.
లేకపోతే చప్పటి బీరు.

నా ఉద్యోగం వినికిడి పరీక్షలు.
వోస్ ఊళ్లో, రెండో అంతస్తులో,
గోడలకి మెత్తలు కుట్టిన గదిలో
పన్నెండేళ్లుగా
మెల్లగా, ఇంకా మెల్లగా,
వినబడిందా, అని అడుగుతున్నాను.
ఇంటికొచ్చినా అదే గొంతు.
ఐవిన్ వెళ్లిపోయిన రోజు
అతని వెనక తలుపు వేసింది నేనే,
చప్పుడు కాకుండా.

శనివారం తెల్లారకముందే
కొట్టంలో రాగి కాగు కింద కట్టెలంటించాను.
జూనిపర్ కొమ్మలు మరిగాయి.
తడిసిన అడవి లోపలికొచ్చి
తల ఆరబెట్టుకుంటున్నట్టు వాసన.
మాల్టు బస్తా ఇరవై అయిదు కిలోలు;
నాకొక నడుము ఉందని అప్పుడే తెలిసింది.
కలపడం, ఆగడం, వడగట్టడం,
పుస్తకంలో ఇదంతా ఒక్క పేజీ.
నాకు పదకొండు గంటలు.
మధ్యలో గొట్టం ఊడి
వేడి పానకం నా ఎడమ బూటులోకి పోయింది.
ఆ బూటు ఇప్పటికీ తియ్యగానే ఉంటుంది,
కావాలంటే కుక్కనడగండి.

థర్మామీటరు ఎక్కడో పెట్టి మర్చిపోయాను.
మోచేయి ముంచి చూశాను
(రెండుసార్లు కడిగాను, నమ్మండి).
పసిపిల్ల స్నానపు నీళ్లకన్నా ఒక పిసరు ఎక్కువ.
చాలంది మోచేయి.

చీకటి పడింది.
కంచె అవతల బ్రిన్యుల్
కట్టెలు పేరుస్తున్నట్టు నటిస్తున్నాడు.
గుప్పెడు తవుడు కాగులో చల్లి
నోరు తెరిచాను.

"హె" అంది నా గొంతు.
నా గదిలో అయితే దానికి ఇరవై డెసిబెల్స్ వేస్తాను.

"వినబడిందా?" అన్నాను, అలవాటుకొద్దీ.
"లేదు" అన్నాడు కట్టెల్లోంచి.

దీపం ఎత్తి చూశాను.
పోయిన నెల నేనే అమర్చిన మిషను
అతని చెవిలో లేదు.
చొక్కా జేబులోంచి తొంగిచూస్తోంది.
ముసలాడు కావాలనే తీశాడు.

అప్పుడు అరిచాను.
ఎన్నాళ్లనుంచి అడుగున పేరుకుందో
మడ్డితో సహా పైకొచ్చింది.
కోళ్లు దూలం మీంచి దూకాయి.
కుక్క బల్ల కిందికి పోయింది.
సరస్సు అవతలి గట్టున ఎవరిదో
కిటికీ వెలిగింది,
ఆ వెలుగులోంచి ఒక అరుపు తిరిగొచ్చింది.

ప్రతిధ్వని కాదు.
ప్రతిధ్వని సంగతి నాకు తెలుసు, అది నా కూడు.
ఇది నాకంటే బొంగురు గొంతు, నాకంటే పొడుగు.
అవతల కూడా ఎవరో
ఈ రాత్రే తోడు వేస్తున్నారు.

తెల్లారేసరికి కాగులో నురగ
కప్పిన గుడ్డని ఎత్తి పట్టుకుంది.

బీరు ఎలా కుదిరిందంటే,
కొంచెం పొగ, కొంచెం నారింజ,
చివర్లో ఎక్కడో బూటు.
బ్రిన్యుల్ మూడు గ్లాసులు తాగి
ఏమీ అనలేదు. నాలుగోది ఆయనే పోసుకున్నాడు.

సోమవారం మెత్తల గదిలో
ఒక ముసలావిడని కూచోబెట్టి
వినబడిందా, అని అడిగానో లేదో
ఉలిక్కిపడి చెవులు మూసుకుంది:
"ఎందుకమ్మా అంత గట్టిగా!"